ఎత్తినవా?

పొదుపు అన్న మాట మీద ఒక గంటసేపు మాట్లాడాలి మేడం, అని ఫోన్ చేశారు. గంటేం ఖర్మ, పూటంతా మాట్లాడతానన్నాను. నేను తెలుగు పంతులమ్మగా రిటైరైనదాన్ని. ఒక మాట ఎక్కడ పుట్టింది, ఎవరింట పెరిగింది అని ఎవరైనా అడిగితే చాలు, నాకు పూనకం వచ్చేస్తుంది. ఆ భయానికే మా ఇంట్లోవాళ్లు నన్ను మాటల సంగతి అడగడం ఎప్పుడో మానేశారు.

సభ నేను పుట్టిపెరిగిన మొయినాబాద్‌లో. చుట్టుపక్కల ఊళ్ల మహిళా పొదుపు సంఘాలన్నీ వచ్చాయి. ఎంత ఉత్సాహంగా మొదలుపెట్టానో! పాలను తనలో నింపుకునేది పొదుగు. గుడ్లను కప్పుకుని కోడి కూర్చుంటే అది పొదగడం. బాణాలను ఒకచోట పట్టి ఉంచేది పొది. పొదుపు కూడా ఆ చూరు కింది పిల్లే అని నా గట్టి నమ్మకం. ఏ పండితుడైనా కాదంటే రమ్మనండి, కూర్చుని తేల్చుకుందాం, అన్నాను. ఆడవాళ్లు పకపకా నవ్వారు. దాచడం వేరు, కూడబెట్టడం వేరు, వెనకేసుకోవడం వేరు, జమ చేయడం వేరు అంటూ ఒక్కొక్కటే విప్పుకుంటూ పోతున్నాను. ముందు వరుసలో కూర్చున్న సంఘం లీడరు, నన్ను పిలిచినామె, ఫోను చెవి దగ్గర పెట్టుకుని లేచి నా దగ్గరికి వచ్చింది.

"మేడం, ఏమనుకోకుర్రి. మా అత్తమ్మ పోయిందట. నేను పోవాలె."

"అయ్యో! ఎవరమ్మా మీ అత్తమ్మ?"

"మీకు ఎరుకనే మేడం. పిడికిలమ్మ."

నా చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది. హాలంతా వినబడింది. ఒక్కసారిగా కుర్చీలన్నీ కదిలాయి. నా ఉపన్యాసం సగంలో ఆగిపోయింది. ఆగిపోవడమేమిటి, నేనే కాగితాలు మడిచి చంకన పెట్టుకుని అందరికంటే ముందు మెట్లు దిగాను.

పిడికిలమ్మ! తొంభై దాటినా బతికే ఉందన్నమాట, ఇవాళ్టిదాకా. ఆమె అసలు పేరు నేను రాయను. రాసినా ఆ ఊళ్లో ఎవరూ గుర్తుపట్టరు. నాకు మాత్రం ఆమె చిన్నమ్మ. చుట్టరికం ఏమీ లేదు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక మట్టిగోడ ఉండేది. వాళ్లది ఏసయ్యను నమ్మిన ఇల్లు, మాది శనివారం ఒక్కపొద్దులుండే ఇల్లు. ఆ గోడకు ఆమె చేసిన కన్నంలోంచి కూరలు, కబుర్లు, తిట్లు అటూ ఇటూ నడిచేవి.

ఎవరైనా ఎదురుపడితే లోకమంతా ఏమని పలకరిస్తుంది? తిన్నవా అని. ఆమె మాత్రం "ఎత్తినవా?" అనేది. పొద్దున్నే గోడ కన్నంలో ముందు ఆమె ముక్కు కనిపించేది, ఆ తర్వాత ఆ ప్రశ్న వినిపించేది. ఎత్తడమంటే పిడికెడు బియ్యం ఎత్తిపెట్టడం. ఆ చర్చి ఆడవాళ్లందరికీ అది ఆనవాయితీ. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న ముంతలో, గురిగిలో వేస్తారు. వారమంతా గురిగిలో చేరిన బియ్యాన్ని ఆదివారం కొంగున కట్టుకుని పోయి చర్చి మూలనున్న పెద్ద మట్టి తొట్టిలో, గోలెంలో పోస్తారు. పక్క ఊరు చిన్న మంగళారం నుంచి నడిచి వచ్చేవాళ్ల కొంగులకు కూడా ఆ ముడి ఉండేది. ఆ గోలెం పెత్తనమంతా చిన్నమ్మదే. పురుగు పట్టకుండా యాపాకు వేసేది ఆమె, మూత తీసేది ఆమె, పోసేవాళ్ల కొంగుముడి చిన్నదైతే వాళ్లను తిట్టి దులిపేసేది కూడా ఆమే.

ఆ ఎత్తడానికి ఆమె పెట్టిన రూల్సు ఏ సర్కారు దగ్గరా ఉండవు. బొటనవేలు లోపల మడవాలి, బయట పెడితే అది పిడికిలి కాదు. కొలిచాకే ఎత్తాలి, కొలవకముందు ఎత్తకూడదు. ముందే ఎత్తేసి తర్వాత కడుపు నిండా కొలుచుకుంటే అది మోసమట. ఇంట్లో అందరి కంచాల్లోంచీ ఇంతింత తగ్గాలి, అప్పుడే లెక్క. ఇక అన్నిటికంటే పెద్ద రూలు: ఒకసారి ఎత్తింది మళ్లీ ఇంటి పొయ్యి మీదికి దించకూడదు. ఇంట్లో చుట్టాలు దిగినా సరే, నూకలు నిండుకున్నా సరే.

వాళ్ల దేవుడు వేరైనా మా అమ్మ కూడా ఎత్తేది. ఎత్తకపోతే పక్కింట్లో బతకనిస్తేగా! చిన్నమ్మ మా వంటింట్లోకి చెప్పాపెట్టకుండా వచ్చి గురిగిలో చెయ్యి పెట్టి చూసేది. "ఏందమ్మా పంతులమ్మా, ఈ వారం మీ ఇంట్ల పిట్ట పిడికిలి దిగిందా?" అని, బడిపంతులు పెళ్లామైన మా అమ్మ మొహం మీదే అడిగి తొడ మీద ఫెళ్లున చరుచుకుని నవ్వేది. మా అమ్మకు ఒళ్లు మండేది. మర్నాడు ఇంకో గుప్పెడు ఎక్కువ ఎత్తేది.

మాటల పుట్టుక పిచ్చి నాకు ఆమె నుంచే అంటిందేమో అని ఇప్పుడనిపిస్తోంది. ఏ మాటకైనా ఆమె దగ్గర ఒక కథ తయారుగా ఉండేది. ఒక్కటీ నిజం కాదు! కూడబెట్టుడు అంటే కూడు పెట్టుడే అని కొట్టిపారేసేది. కాదు చిన్నమ్మా, కూడ అంటే ఒకచోట చేర్చడం అని నేను మొత్తుకుంటే, "చేర్చి ఏం జేస్తవే, నెత్తిన పోసుకుంటవా? డిగ్రీ పిల్ల నాకు జెప్పొచ్చింది" అని గడ్డం ఎగరేసేది. మా ఇద్దరికీ రోజూ లొల్లే. ఆ లొల్లి లేకపోతే ఇద్దరికీ తిన్నది అరిగేది కాదు.

ఇంతకీ ఆ బియ్యమంతా దేనికంటారా? గంటకు. చర్చికి గంట లేదు. చర్చి ముందు యాపచెట్టుకు ఒక రైలుపట్టా ముక్క వేలాడేది. ఆదివారం దాన్ని ఇనుప కడ్డీతో బాదేవాళ్లు. పగిలిన మూకుడు మీద గరిటె పెట్టి కొట్టినట్టుండేది ఆ మోత. పక్క వీధికి కూడా వినబడేది కాదు. చిన్నమ్మ వాళ్ల అమ్మ, మేమంతా అవ్వ అనేవాళ్లం, కొత్త కోడలిగా ఉన్నప్పుడు వికారాబాద్ పోయి అక్కడొక పెద్ద చర్చి గంట విన్నదట. అంతే, ఆమె చెవిలోంచి అది మళ్లీ బయటికి పోలేదు. వచ్చీ రాగానే మా ఊరికి గంట రావాలె అని మొదటి గురిగి ఆమే పెట్టింది. ఏటా కోత పండుగ నాడు గోలెంలో బియ్యం వేలం వేసి, వచ్చింది గంటకని తీసిపెట్టేవాళ్లు. నేను డిగ్రీకి వచ్చేసరికి ఆ అవ్వకు కళ్లు పోయాయి, చెవులు మాత్రం పాము చెవులు. అరుగు మీద నులకమంచంలో పడుకుని రోజూ ఒకటే మాట.

"గంట ఎప్పుడొస్తదే?"

"వస్తదవ్వా. వస్తున్నది."

ఆ ఏడు నిజంగానే రాబోతోంది. పట్నంలో గంటలు పోతపోసే ఒకాయన ఒప్పుకున్నాడు. అప్పటిదాకా తీసిపెట్టింది ముందే ఇచ్చేశారు, మిగిలినదానికి ఈసారి బియ్యాన్నే బస్తాలకెత్తి తెచ్చివ్వండి, ఈస్టరుకు గంట పట్టుకుపొండి అన్నాడు. ఆడవాళ్లకు ఒంటి మీద తెలివి లేదు. ఉన్న గోలెం చాలక ఇంకో రెండు తెచ్చి పెట్టారు, అవీ నిండబోతున్నాయి. అవ్వ పోయేలోపు గంట మోగాలి. చిన్నమ్మకు పగలూ రాత్రీ ఇదే ధ్యాస.

ఆ ఏడు అంటే అరవై తొమ్మిది. తెలంగాణ అంతా భగభగమంటున్న ఏడు. పట్నంలో మా కాలేజీ మూసేసి హాస్టలు ఖాళీ చేయించారు. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టించుకుని నేను ఇంటికొచ్చి పడ్డాను. మా బాపు మొయినాబాద్ బడికి హెడ్మాస్టరు. ఆ బడీ బంద్. పరీక్షల్లేవు, పాఠాల్లేవు, ఒంటి నిండా ఆవేశం ఒక్కటే ఉంది. ఊరి కుర్రాళ్లతో కలిసి గోడల మీద సున్నంతో నినాదాలు రాశాను. గొంతు పోయేదాకా జై తెలంగాణ అని అరిచాను. ఆడపిల్ల అట్లా అరవడమేమిటని బంధువులు నొచ్చుకుంటే, "అరవనియ్యుండ్రి, గొంతు ఉన్నది అందుకే గద" అని గోడ కన్నంలోంచి చిన్నమ్మ నా తరఫున దెబ్బలాడింది.

అప్పుడొచ్చింది ఆ బంద్. కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చారు. చేవెళ్ల దిక్కు నుంచి వచ్చిన బస్సులు రెండు ఊరి ముందు ఆగాయి. రాళ్లు తీసినా అవి పోగలిగేవి కావు, పట్నంలో కర్ఫ్యూ పెట్టేశారు. వెనక్కి పోదామంటే అటూ బందే. హోటళ్లు మూత. బస్సుల్లో ఎక్కడెక్కడి జనం! పనికోసం పోయే కూలీలు, దవాఖానకు పోయే ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు. పొద్దున ఆగిన బస్సులు మధ్యాహ్నమైనా కదల్లేదు. పిల్లలు ఆకలికి గుక్కపట్టారు. రోడ్డు మీద కూర్చున్న మా వాళ్ల కడుపులూ కాలుతున్నాయి. ఇల్లిల్లూ తిరిగి అడిగాం. ఎవరికి తోచింది వాళ్లు ఇచ్చారు. అది ఏ మూలకూ రాలేదు.

అంతలో ఎవరో అన్నారు, చర్చిలో మూడు గోలాల నిండా బియ్యం ఉంది కదా అని. అందరూ నా వైపు చూశారు. నేనే పోవాలి మరి, గోడ పక్కదాన్ని కదా!

చిన్నమ్మ అవ్వకు తల దువ్వుతోంది. చెప్పీ చెప్పకముందే దువ్వెన పట్టుకుని లేచింది.

"ఏందే? మళ్ల అను! గంట బియ్యమా? నీకు బుద్ధి గిట్ల ఉన్నదా? అవి నావి గావు, నీవి గావు. మా అమ్మ పెండ్లయిన కాన్నుంచి ఎత్తుతున్నదే అవి!"

"చిన్నమ్మా, పిల్లలు ఏడుస్తున్నారు."

"నా గుండె ఏడుస్తలేదా? ఈస్టరు ఎన్నిరోజులున్నది? అవ్వ ఎన్నిరోజులున్నది? నువ్వే జెప్పు!"

కోపం కాదది, నాకు తెలుసు. అప్పుడు మంచంలోంచి అవ్వ గొంతు వచ్చింది.

"ఎవలే గట్ల ఏడుస్తున్నది?"

"బస్సుల పిలగాడు అవ్వా."

"ఎందుకు?"

చిన్నమ్మ దువ్వెన పళ్లలోంచి ఒక తెల్లవెంట్రుక లాగింది. "ఆకలికి" అంది చివరికి.

"గంట మోగితే ఏమైతది బిడ్డా?"

"మంది వస్తరు."

"మరి గంట లేకముందే వచ్చిండ్రు గద. వచ్చినోళ్లకు పెట్టకపోతే ఎట్ల?"

"ఎత్తింది దించొద్దంటివి గదవ్వా! నువ్వే గద జెప్పింది!" చిన్నమ్మ చిన్నపిల్లలా అరిచింది.

"ఇంట్ల పొయ్యి మీదికి దించొద్దన్న. రోడ్డు మీద దించొద్దన్ననా?"

చిన్నమ్మ దువ్వెన అవ్వ ఒళ్లో పడేసింది, కొంగు నడుముకు బిగించింది. ఇక ఆమెను పట్టుకోవడం నా తరం కాలేదు. అందరికంటే ముందు పోయి నడిరోడ్డు మీద నిలబడింది.

"గా రాళ్లు ఇటు తేండ్రిరా!"

"చిన్నమ్మా, అవి ఉద్యమం రాళ్లు!" అన్నాడొక కుర్రాడు బిక్కమొహం వేసుకుని.

"ఉద్యమం ఏం తినదారా? తే!"

రోడ్డుకడ్డంగా పెట్టిన రాళ్లే పొయ్యిరాళ్లయ్యాయి. సాయబుల ఇంటి నుంచి పెళ్లిళ్లకు వాడే పెద్ద డేగిసాలు వచ్చాయి. చర్చి ఆడవాళ్లు గోలాల్లో బియ్యం చాటలకెత్తి తెచ్చారు. ఎవరి మొహం చూసినా అదోలా ఉంది, అయినా చాటలు ఆగలేదు. అన్నం ఎట్లా ఉడికిందో చెప్పమంటారా? ఊరందరి పిడికిళ్లూ కలిసిన బియ్యం కదా! దొడ్డువి, సన్నవి, పాతవి, కొత్తవి, నూకలు, లేనివాళ్లు వేసిన జొన్నలు. సగం జావ, సగం రాళ్లు! ఒక మెతుకు నాలుక మీద కరిగితే ఇంకో మెతుకు పంటి కింద కటుక్కుమనేది. పక్కనే బానలో పచ్చిపులుసు కలిపారు. ఆ అన్నం, ఆ పులుసు, ఆ ఎండ! అంత రుచైన తిండి నా జన్మలో తినలేదంటే నమ్మండి.

పోలీసు జీపు వచ్చింది. రోడ్డు మధ్య పొయ్యి ఎవరు పెట్టారని ఒక ఆఫీసరు దిగి కర్ర నేలకు తాటించాడు. కుర్రాళ్లు లేచి బిగుసుకున్నారు. చిన్నమ్మ చేతిలో గరిటెతోనే ఎదురుపోయింది.

"నేనే పెట్టిన సారు. ఇది దేవునికి ఎత్తిన బువ్వ. ఇంట్ల వండొద్దు. అందుకే ఈడ పెట్టిన. పొద్దుగాల తిన్నరా మీరు? మొహం జూస్తె తిన్నట్టు లేదు."

ఆయన బస్సులకేసి చూశాడు, పిల్లలకేసి చూశాడు, వెనక జీపులో ఎండిన మొహాలతో కూర్చున్న తన వాళ్లకేసి చూశాడు. ఆ తర్వాత కర్ర జీపులో పెట్టేసి విస్తరాకు అందుకున్నాడు. కుర్రాళ్లు ఒక వరుస, పోలీసులు ఒక వరుస, ఎదురెదురుగా కూర్చుని ఉడకని మెతుకుల్ని ఏరుకుంటూ తిన్నారు. ఇది నేను కళ్లారా చూశాను!

మర్నాడు బస్సులు పోయాయి. గోలాలు ఖాళీ. నేను చర్చిలోకి తొంగి చూస్తే చిన్నమ్మ గోలెం అడుగున చీపురుతో ఊడుస్తోంది. నన్ను చూసి ఖాళీ గోలెం మీద వేళ్లతో కొట్టి, "ఇగో, ఇదే గంట" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఊడ్చిన గింజల్ని కొంగులో వేసుకుని మళ్లీ గోలెంలో పోసింది.

ఇంటికొచ్చేసరికి అరుగు మీంచి అవ్వ అడిగింది.

"గంట ఎప్పుడొస్తదే?"

తనే ఆ బియ్యం వండించిన సంగతి ముసలామె మరిచిపోయింది! నిన్న అంత మాటన్న మనిషికి ఈ పొద్దు అది గుర్తే లేదు. చిన్నమ్మ నా వైపు చూడలేదు. మంచం పట్టె మీద కూర్చుంది.

"వస్తదవ్వా. వస్తున్నది."

ఆ గొంతు విన్నాక నాకు నిలబడబుద్ధి కాలేదు. గోడ దూకినంత పని చేసి మా ఇంట్లోకి పరుగెత్తాను. మా బడి వరండాలో ఒక పెద్ద ఇత్తడి గంట ఉండేది, పళ్లెంలాంటి బిళ్ల గంట. కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే ఊరి చివరి బావి దాకా వినబడేది. బడి మూసినప్పటి నుంచీ అది మూగదై వేలాడుతోంది.

"బాపూ, బడి గంట చర్చికిద్దాం. ఈస్టరుకు. బడి తెరిచేదాక."

"పిచ్చా నీకు? అది సర్కారు సొత్తు" అన్నాడు బాపు, పేపరులోంచి తల ఎత్తకుండా.

నేను కదల్లేదు. అవ్వ సంగతి మొత్తం చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను కూడా. బాపు పేపరు మడిచి పక్కన పెట్టాడు. చివరికి, "వాడకుండా ఉంచితే గంటకు తుప్పు పడుతుంది. రోజూ ఎవరైనా మోగించే చోట ఉంటే మంచిదే. తాళంచెవి మేకుకు ఉన్నది" అన్నాడు. ఇత్తడికి తుప్పేమిటని నేనడగలేదు. నాకేమన్నా పిచ్చా!

ఈస్టరు ముందురోజు ఇద్దరు కుర్రాళ్లతో పోయి గంట దించుకొచ్చాం. మోగకుండా గోనెపట్టాలో చుట్టి, సైకిలు మీద పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక చస్తూ తెచ్చాం. యాపచెట్టుకు రైలుపట్టా దించి దీన్ని కట్టాం. చిన్నమ్మ గోనెపట్టా విప్పి చూసింది. ఇత్తడి మీద అరచెయ్యి పెట్టి అట్లాగే నిలబడింది.

తెల్లవారే ఆరాధనకు అవ్వను మంచంతో సహా మోసుకొచ్చారు. తూరుపు ఎర్రబడుతోంది. చిన్నమ్మ సుత్తి ఎత్తి ఒక్కటి వేసింది. ఖంగ్‌మని ఊరంతా లేచి కూర్చున్నట్టయింది. ఇంకొకటి, ఇంకొకటి. ఆమెను ఆపేవాళ్లు లేరు. కొప్పు ఊడిపోయింది, కొంగు జారిపోతోంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నోరేమో చెవుల దాకా సాగి నవ్వుతోంది.

ఇంతలో ఏమైందో చెప్తే ఇప్పటికీ నాకు నవ్వాగదు. ఊరందరికీ అది బడి గంటే కదా! బడి తెరిచారనుకుని పిల్లలు మొహాలైనా కడక్కుండా పలకలు పట్టుకుని ఉరికొచ్చారు. పిల్లల వెనక తల్లులు ఉరికొచ్చారు. ఉద్యమం కుర్రాళ్లయితే, "ఎవడ్రా బడి తెరిచింది? ఎవడు మోసం జేసిండు?" అని కర్రలు పట్టుకుని, జై తెలంగాణ అని అరుస్తూ దూసుకొచ్చారు. తెలంగాణ వచ్చేసిందేమో, అందుకే గంట కొట్టారేమో అని సాయబుల ఇంట్లోంచి ముసలాయన చెప్పుల్లేకుండా వచ్చాడు. చర్చి ముందు ఇసుకేస్తే రాలనంత జనం!

"బడి కాదురా, పండుగ! రాండ్రి, కూసోండ్రి" అంటోంది చిన్నమ్మ, సుత్తి ఊపుతూ. వచ్చినవాళ్లు వెనక్కి పోలేక కూర్చున్నారు. చర్చి అయ్యగారు ప్రసంగం మరిచిపోయి చూస్తుండిపోయారు. అందరి వెనక భుజం మీద తుండుతో మా బాపు, తనకేమీ తెలియనట్టు యాపచెట్టు చివర్లు చూస్తూ నిలబడ్డాడు.

అవ్వ మంచంలో లేచి కూర్చుంది. తల ఒకవైపు వంచి అడుగుల చప్పుడు వింటోంది.

"ఎంతమందే! ఎంతమంది వచ్చిండ్రే!"

"ఊరంత వచ్చిందవ్వా" అంది చిన్నమ్మ. సుత్తి కింద పెట్టి మంచం పట్టె పట్టుకుంది. "ఊరంత."

ఆ వానాకాలంలోనే అవ్వ పోయింది. గంట వింటూ పోయింది. రోజూ పొద్దున్నా సాయంత్రం చిన్నమ్మ దాన్ని మోగించేది. బడి మళ్లీ తెరుస్తారని తెలిసిన రోజు ఎవరూ అడగకముందే గంటను నెత్తిన పెట్టుకుని బడికి నడిచింది. వరండాలో తన చేతుల్తోనే కట్టి ఒక్క దెబ్బ వేసి, "డిగ్రీ పిల్లా, నీ బడి గంట నీకు అప్పజెప్పిన" అంది. తిరిగి ఇంటికొచ్చి రైలుపట్టా ముక్కను యాపచెట్టుకు ఎక్కించింది. ఆ పూట బియ్యం కొలిచి పిడికెడు ఎత్తింది.

తర్వాత నా చదువు, ఉద్యోగం, పెళ్లి, పట్నం. ఎప్పుడొచ్చినా ముందు వాళ్ల ఇంటికే పోయేదాన్ని. ఆమె గోడ మీంచే "ఎత్తినవా?" అనేది. నేను "గంట వచ్చిందా చిన్నమ్మా?" అనేదాన్ని. "వస్తున్నది, నడిచి వస్తున్నది" అనేది. ముందు ఇచ్చింది అట్లాగే ఉండేది, గంట ధర మాత్రం ఏటేటా పెరిగేది. గోలాలు నిండేవి. నిండిన ప్రతిసారీ ఏదో ఒకటి వచ్చిపడేది. ఒకసారి ఇల్లు కాలినవాళ్లు, ఒకసారి పొలం పనికి వచ్చి జ్వరాలతో మంచానపడ్డ వలసకూలీలు, ఒకసారి బోర్లన్నీ ఎండిపోయిన ఏడు సగం ఊరు. ప్రతిసారీ నడిరోడ్డు మీద పొయ్యి. ప్రతిసారీ ఉడికీ ఉడకని అన్నం. తర్వాత తర్వాత నా రాకపోకలే తగ్గిపోయాయి. గంట ఎప్పుడో వచ్చేసే ఉంటుందనుకున్నాను.

రాలేదట! ఆ రోజు సభ నుంచి నేరుగా పోతే చూశాను, యాపచెట్టుకు ఇంకా ఆ రైలుపట్టా ముక్కే. చెట్టు బెరడు గొలుసును సగం మింగేసింది. చుట్టూ అన్నీ మారిపోయాయి, ఫామ్‌హౌసులు, ప్రహరీలు, కార్లు. అది మాత్రం అట్లాగే ఉంది.

సమాధి దగ్గర అందరం తలా పిడికెడు మన్ను వేశాం. నేను బొటనవేలు లోపలికి మడిచాను. నా పక్కనున్న ముసలామె అది చూసి, నన్ను మోచేత్తో పొడిచి, ఏడుస్తూనే నవ్వింది.

అంతా అయ్యాక చర్చి ముందు కూర్చున్నప్పుడు ఒకాయన లేచాడు. అజీజ్‌నగర్ దగ్గర ఆయనకొక ఫామ్‌హౌస్ ఉంది. చిన్నమ్మ కొడుకు అక్కడ తోటమాలి. పనివాడి తల్లి పోతే కారు వేసుకుని వచ్చి, ఎండలో నిలబడి, మన్ను వేసి, చివరిదాకా ఉన్న మనిషి. మంచివాడు. కళ్లజోడు తుడుచుకుంటూ అన్నాడు:

"ఆమె జీవితమంతా గంట కోసం దాచిందని విన్నాను. మీరేమీ అనుకోకపోతే నేను తెప్పిస్తాను. ఆమె పేరుతో. వచ్చే ఆదివారానికి ఇక్కడ ఉంటుంది."

అబ్బ, నా గుండె ఎట్లా ఎగిరిందో! చప్పట్లు కొట్టడానికి చేతులు కూడా ఎత్తాను. ఎవరూ కొట్టడం లేదు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. కోడలు, పొద్దున నా మైకు పక్కకొచ్చిన ఆ పొదుపు సంఘం లీడరు, మెల్లగా లేచి ఆయనకు దండం పెట్టింది.

"మీ మనసు పెద్దది సారు. ఏమనుకోకుర్రి, గంట వద్దు."

"అదేంటమ్మా? ఎందుకు?"

ఆమె తన కుడిచెయ్యి చూసుకుంది, చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూసింది.

"మీరు గంట తెస్తె, రేపు పొద్దుగాల పొయ్యి కాడ మా చెయ్యి ఏం జెయ్యాలె సారు?"

ఆయన నా వైపు తిరిగాడు, చదువుకున్నదాన్ని కదా, నేనైనా విడమరిచి చెబుతానని. నా వల్ల ఎక్కడవుతుంది! నేను అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, ఏది ఏదో నాకే తెలియడం లేదు.

ఇంతలో ఎవరో లేచి ఇనుప కడ్డీతో రైలుపట్టా ముక్కను బాదారు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. అదే పగిలిన మూకుడు చప్పుడు. అంత దరిద్రపు మోత నేను ఇంకెక్కడా వినలేదు. ఎంత బాగుందో!